చేతితో నేర్వవలసిన విద్య

పరీక్షా ఫలితాలు వెలువడిన నాటినుండి మన ఇళ్లలో తరచు వినవచ్చే మాట, “అబ్బాయిని కంప్యూటరు కోర్సులో చేర్చినాము” అన్నది. అమ్మాయిలను గురించి కూడా ఇదే మాట వింటున్నాము, సంతోషమే. బెంగుళూరులో గాని, చెన్నపట్నంలో గాని, హోసూరులో గాని, షోలాపురంలో గాని, బరంపురంలో గాని, యానాంలో గాని నలుగురు తెలుగువారు కలిసినచోట ఈ ప్రసక్తి రాక మానదు. ఆరు మాసాలు గడిచిన పిమ్మట అదే ఇంట మరొక మాట వినవస్తుంది: “సర్టిఫికెట్టు చేతికి వచ్చినది గాని, ఉద్యోగం మాత్రం రాలేదండీ.”

అటువైపు నుంచి చిన్న కంపెనీలు నడిపేవారు చెప్పేది వేరు. “వచ్చిన పిల్లలు పాఠం ఒప్పగిస్తారు. ఒక చిన్న పని చేతికిచ్చి, ఇది చేసి చూపు నాయనా అంటే, ఎక్కడ మొదలు పెట్టవలెనో తోచక కూర్చుంటారు” అని వారి ఫిర్యాదు. ఇద్దరి మాటా నిజమే. అప్పు చేసి ఫీజు కట్టిన తల్లిదండ్రులకు నష్టం, మనిషి కావలసి దొరకనివారికీ నష్టం, మధ్యన యౌవనంలో ఒక ఏడాది పోగొట్టుకొన్న బిడ్డకు అన్నిటికన్నా పెద్ద నష్టం. ఈ చిక్కుకు మందు పనిచోటనే ఉన్నదని మా అభిప్రాయము. నలుగురైదుగురు కలిసి, నిజమైన పని మీద, చేతితో చేస్తూ నేర్చుకొనే ప్రోగ్రాము కోర్సును చిన్న చిన్న సంస్థలు కూడ తమ ఇంట తాము ప్రారంభించుకొనవచ్చును. అది ఎట్లాగో ఈ నెల ముచ్చటించుకొందాము.

ముందుగా ప్రోగ్రాము అంటే ఏమిటో ఇంటి మాటలలో చెప్పుకొందాము. క్రొత్తగా కాపురానికి వచ్చిన కోడలితో అత్తగారు “పులిహోరలో ఉప్పు తగినంత వెయ్యి” అంటే ఆమె గ్రహించుకొంటుంది. కంప్యూటరుకు ‘తగినంత’ అన్నమాట తెలియదు. ఎంత, ఎప్పుడు, చింతపండు పులుసు చిక్కబడకపోతే ఏమి చేయవలెను, ఇంట్లో ఉప్పు నిండుకొని ఉంటే ఏమి చేయవలెను—ఇవన్నీ ముందే వ్రాసి పెట్టవలెను. ఇట్లా ఏదీ వదలకుండా వ్రాసిన పని వరుసయే ప్రోగ్రాము. వ్రాయడం ఒక ఎత్తు. వ్రాసిన తరువాత తప్పు ఎక్కడ ఉన్నదో వెదకడం పది ఎత్తులు. ఈ వెదకడం అన్నది పుస్తకం చదివితే రాదు. ఒడ్డున కూర్చుండి ఈత నేర్చినవారు ఎవరూ లేరు గదా.

ఈ సంగతి ఆ విద్య పుట్టిన నాడే పెద్దలకు తెలిసినది. ఇంగ్లాండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో మారిస్ విల్క్స్ అనే ఆయన బృందము కట్టిన ఎడ్సాక్ యంత్రము 1949 మే 6వ తేదీన మొదటి ప్రోగ్రామును నడిపినది. కొద్ది వారాలకే ఆయనకు ఒక సత్యము తట్టినదట: ఇక మిగిలిన జీవితంలో మంచి భాగము తన ప్రోగ్రాములలో తన తప్పులు తానే వెదుకుకొనడానికి సరిపోతుందని. అంత వానికే అట్లా తోచినప్పుడు మన పిల్లలు మొదటి నెలలో తప్పులు చేసినారని చిన్నబుచ్చడం న్యాయమా?

విల్క్స్ పండితులు ఆ తప్పులకు జడిసి ఊరుకోలేదు. పైనుంచి వచ్చేవారి కోసం 1950లో వేసవి తరగతులు పెట్టినారు. వచ్చినవారు ప్రోగ్రాము వ్రాసి, కాగితపు పట్టీ మీద రంధ్రాలు పొడిపించి, యంత్రము మీద నడిపించి చూచుకొనేవారు. మరుసటి సంవత్సరం హాలెండు నుంచి వచ్చి అక్కడ మూడు వారాలు నేర్చుకొన్న కుర్రవాడు ఎడ్స్గర్ డైక్‌స్ట్రా. తరువాతి కాలంలో ఈ శాస్త్రానికి మూలపురుషులలో ఒకడైనాడు. కేంబ్రిడ్జి వారి మరొక మంచి అలవాటు గూడ చెప్పవలెను. ఒకరు వ్రాసి సరిచూచిన చిన్న ప్రోగ్రామును పట్టీగా బీరువాలో భద్రపరిస్తే, మరొకరు తీసుకొని తమ పనిలో కలుపుకొనేవారు. అంటే మొదటినుంచీ ఇది పదిమంది కలిసి చేసే పని; ఒంటరిగా గదిలో కూర్చుండి చేసే తపస్సు కాదు.

మన దేశంలోను అట్లాగే జరిగినది. కాన్పూరు ఐ.ఐ.టి.కి 1963లో ఐ.బి.ఎం. 1620 అనే యంత్రము వచ్చినది. అక్కడ రాజారామన్ మొదలైన అధ్యాపకులు తమ విద్యార్థులకు నేర్పడంతో తృప్తిపడక, బయటి కళాశాలలనుంచి, పరిశోధనశాలలనుంచి, పరిశ్రమలనుంచి వచ్చేవారికి పదేసి రోజుల కోర్సులు నడిపినారు. ప్రొద్దున విన్నదానిని యంత్రము మీద తామే చేసి చూచుకొనడం ఆ కోర్సులలో ముఖ్యమైన భాగము. దేశంలో కంప్యూటర్లు వ్రేళ్ల మీద లెక్కింపదగినన్ని ఉన్న రోజులలో కూడ యంత్రాన్ని అద్దాల గదిలో దాచిపెట్టక, నేర్చేవారి చేతికి అందనిచ్చినారు. నేడు ఒక్కొక్క ఆఫీసులో పది కంప్యూటర్లు ఉన్నవి. నేర్చేవారిని మాత్రము దూరంగా కూర్చోబెట్టి తెర మీద బొమ్మలు చూపిస్తున్నాము!

మన కుటుంబాలకు ఈ పద్ధతి క్రొత్తది కానేకాదు. షోలాపురంలో స్థిరపడిన మన పద్మశాలి ఇళ్లను చూడండి. మగ్గం పని పలక మీద వ్రాసి ఎవరైనా నేర్పినారా? పిల్లలు కండెలు చుట్టడంతో మొదలుపెడతారు. తెగిన పోగు అతకడం తరువాత. పెద్దవారి ప్రక్కన కూర్చుండి నాడె విసరడం ఆ తరువాత. పడుగు సిద్ధం చేసేవారు ఒకరు, నేసేవారు ఒకరు, తప్పు చూచేవారు మరొకరు. ఇంటిల్లిపాది చేయి పడితేగాని బట్ట దిగదు. షోలాపురం దుప్పట్ల మీది పూవులను నేసే జకార్డు మగ్గానికి రంధ్రాల అట్టలే ఆజ్ఞలు. ఏ అట్ట వస్తే ఆ పోగులు లేస్తవి. 1804 ప్రాంతంలో ఫ్రాన్సులో జకార్డు రూపొందించిన ఆ అట్టలను చూచియే, తరువాత లెక్కల యంత్రాలకు రంధ్రాల కార్డులు వాడవచ్చునన్న ఊహ పెరిగినది. అందుచేత మన నేతగాని మనుమరాలు ప్రోగ్రాము వ్రాస్తే కులవిద్యకు దూరమైనదని ఎవరూ అనుకోనక్కరలేదు.

ఇక కోర్సు నడిపే సంగతి. పెద్ద కంపెనీలకు ఇది సాగుతున్నది. ఇన్ఫోసిస్ వారు మైసూరులో 2005లో ప్రారంభించిన శిక్షణ కేంద్రంలో క్రొత్తవారిని నెలల తరబడి ఉంచి నేర్పుతారు. జోహో వారు 2005 ప్రాంతంలో చెన్నైలో మొదలుపెట్టిన పాఠశాల మరీ గమనింపదగినది. పన్నెండవ తరగతి చదివిన పిల్లలను తీసుకొని, ఫీజు అడగక, ఎదురు తామే నెలనెలా భృతి ఇచ్చి, పని ద్వారా పని నేర్పుతున్నారు. తెన్కాశి వంటి చిన్న ఊరికి కూడ ఆ ఏర్పాటు పోయినది. అంత స్తోమత మనకు ఎక్కడిదని పది పదిహేను మందితో నడిచే సంస్థలవారు అడుగుతారు. భవనాలు లేకపోవచ్చును, కావలసినవి మాత్రము మూడే—ఒక నిజమైన చిన్న పని, నలుగురైదుగురు నేర్చేవారు, రోజుకు రెండు గంటలు తీరిక చేసుకోగల ఒక అనుభవశాలి.

ఒక అచ్చాఫీసును ఉదాహరణగా తీసుకొందాము. పెండ్లి ముహూర్తాల రోజులు. శుభలేఖల ఆర్డర్లు వరుసగా వస్తున్నవి. ఎవరు ఎన్ని అడిగినారు, ఏ కాగితము, బయానా ఎంత ఇచ్చినారు, బాకీ ఎంత, ఏ తేదీకి ఇవ్వవలెను—ఇవి ఒక దళసరి పుస్తకంలో ఉన్నవి. ఆ పుస్తకము గుమాస్తాగారు సెలవు పెట్టిన రోజున ఎవరికీ అర్థం కాదు. ఇటువంటి తలనొప్పియే కోర్సుకు తగిన పాఠము. దేశానికంతా పనికివచ్చే మహాప్రోగ్రాము మొదటనే తలపెట్టితే పన్నెండు వారాలు చాలవు, పన్నెండు నెలలూ చాలవు.

మొదటి వారము

మొదటి వారము కంప్యూటరు తెరువనక్కరలేదు. నేర్చేవారు ఆ గుమాస్తాగారి ప్రక్కన కూర్చుండవలెను. బేరము ఎట్లా మొదలవుతుంది, ఆయన ఏమి అడుగుతారు, ఏది వ్రాస్తారు, ఏది వ్రాయక జ్ఞాపకం ఉంచుకొంటారు—ఇవన్నీ గమనించి కాగితము మీద పెట్టవలెను. ఒకే ఊరినుంచి ఇద్దరు సుబ్బారావులు వచ్చినప్పుడు ఆయన ఏ గుర్తు పెట్టుకొంటారో పుస్తకములో ఉండదు, అడిగితేనే తెలుస్తుంది. ముప్పది ఏండ్లుగా బల్ల దగ్గర ఉన్న మనిషి కూడ ఈ కోర్సులో ఒక గురువే అని పిల్లలకు మొదటి రోజుననే తెలియవలెను. ఆయనకు కూడ, తన పని లాగుకొనడానికి రాలేదు, తన భారము తగ్గించడానికి వచ్చినారని ధైర్యము కలుగుతుంది.

జంటగా కూర్చుండుట

రెండవ వారము నుంచి పని. ఒక కంప్యూటరు ముందు ఇద్దరు కూర్చుండవలెను. ఒకరు వ్రాస్తారు, రెండవవారు చూస్తూ, ప్రశ్నిస్తూ, రాబోయే చిక్కును ముందే చెబుతూ ఉంటారు. అరగంటకొకసారి స్థానాలు మారవలెను. అచ్చాఫీసు వారికి ఇది వింతగా ఉండదు. ప్రూఫులు దిద్దేటప్పుడు ఒకరు మూలప్రతి పైకి చదువుతూ ఉంటే మరొకరు ప్రూఫు మీద కన్ను పెట్టి చూడడం మనవారి పాత పద్ధతే గదా. తాను వ్రాసిన తప్పు తన కంటికి ఆనదు.

అమెరికాలో కెంట్ బెక్ అనే ప్రోగ్రాము నిపుణుడు 1996లో క్రైస్లర్ మోటారు కంపెనీవారి జీతాల లెక్కల పనిలో చేరి ఈ జంట పద్ధతిని నియమంగా పాటింపజేసినాడు. ఆ జీతాల ప్రోగ్రామును కంపెనీ 2000లో మాని వేసినది. పద్ధతి మాత్రం నిలిచి లోకమంతా వ్యాపించినది. ఒక పనికి ఇద్దరు ఎందుకు, జీతము దండుగ అనేవారు ఉంటారు. యూటా విశ్వవిద్యాలయంలో 1999లో విద్యార్థుల మీద పరీక్షించి చూచినారు. జంటగా చేసినప్పుడు ఇద్దరి కాలమూ కలుపుకొని నూటికి 15 పాళ్లు ఎక్కువ పట్టినది. తప్పులు నూటికి 15 పాళ్లు తగ్గినవి. ఒక తప్పు ఖాతాదారు ముందు బయటపడితే దానిని సరిదిద్దడానికి పట్టే కాలము తలచుకొంటే ఈ బేరము నష్టం కాదు. నేర్చుకొనేవారి విషయంలో అయితే మరీ లాభము. ప్రక్కవాడికి వివరించి చెప్పేటప్పుడే మనకు తెలియనిది మనకు తెలిసివస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. జంటలో చురుకైనవాడు కీబోర్డు పట్టుకొని వదలడు. అమ్మాయి ఉంటే, “నీవు నోటు పుస్తకంలో వ్రాస్తూ ఉండమ్మా” అని ఆమెను లేఖకురాలిని చేసి కూర్చోబెడతారు. పన్నెండు వారాల అనంతరం అతనికి పని వస్తుంది, ఆమెకు దస్తూరీ బాగుపడుతుంది! అందుచేత స్థానాల మార్పును మర్యాదకు వదలక గడియారానికి అప్పగించవలెను. అరగంట కాగానే చేయి మారవలసినదే. ఇది చిన్న నియమమే గాని ఒక ఆడపిల్ల జీవనోపాధి దీని మీద ఆధారపడి ఉన్నది.

ముందు జవాబు, తరువాత ప్రోగ్రాము

వ్రాసే ముందు సరియైన జవాబు ఎంతో చేతితో లెక్కించి పెట్టుకొనడం అలవాటు చేయవలెను. కార్డు ఒకటికి 12 రూపాయల చొప్పున 500 కార్డులు. బయానా 2000 రూపాయలు. మొత్తము 6000; బాకీ 4000. ప్రోగ్రాము కూడ 4000 అని చెప్పవలెను. చెప్పినదా, సరే. ఇప్పుడు తుంటరి ప్రశ్నలు వేయవలెను. బయానా మొత్తముకన్నా ఎక్కువ ఇచ్చినట్లు వ్రాస్తే ఏమి చేస్తుంది? కార్డుల సంఖ్య సున్న అయితే? అంకె ఉండవలసినచోట అక్షరము పడితే? పెండ్లి వాయిదా పడి ఆర్డరు రద్దయితే బయానా ఏ గడిలోకి పోతుంది? ఈ ప్రశ్నలకు పుస్తకాలలో జవాబు లేదు. యజమాని, గుమాస్తా, నేర్చేవారు కలిసి కూర్చుని తేల్చుకోవలెను. ఇటువంటి ప్రశ్నలు తమంత తాము వేయడం మొదలుపెట్టిన రోజున ఆ పిల్లలు పనివారైనారని లెక్క.

చేసిన మార్పులన్నిటినీ తేదీవారీగా భద్రపరచే గిట్ అనే సాధనమును మొదటినుంచీ వాడవలెను. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ వ్రాసిన ఈ సాధనము ఉచితము. మంచి చిట్టాలో తప్పు అంకెను చెరపరు. కొట్టివేసి ప్రక్కన సరియైనది వ్రాస్తారు. ఇదీ అంతే. ఎవరు, ఎప్పుడు, ఏ పంక్తి మార్చినారో ఉండిపోతుంది. పని చెడితే నిన్నటి స్థితికి పోవచ్చును. నేర్చేవారికి ఇది ఎంత ధైర్యమో చెప్పనలవి కాదు. పాడైపోతుందేమోనన్న భయము ఉన్నంతకాలము చేయి కదలదు.

అయితే అభ్యాసము ఎన్నడూ అసలు ఖాతాల మీద చేయించరాదు. ఖాతాదారుల నిజమైన పేర్లు, ఫోను నంబర్లు ఇవ్వరాదు. కల్పించిన పేర్లతో ఒక నకలు పుస్తకము తయారు చేసి దాని మీదనే చేయించవలెను. పరుల వివరాలు భద్రపరచవలెనని 2023లో చట్టము కూడ వచ్చినది. చట్టము రాకముందు కూడ అది మర్యాదే.

ఎర్రచీటీ, పచ్చచీటీ

మన పిల్లలకు ఒక జబ్బు ఉన్నది: తెలియలేదని చెప్పడానికి సిగ్గు. “అర్థమైనదా?” అంటే అందరూ తల ఊపుతారు. దీనికి ఒక మంచి ఉపాయము చూడండి. గ్రెగ్ విల్సన్, బ్రెంట్ గోర్డా అనేవారు 1998లో అమెరికాలో లాస్ అలమాస్ పరిశోధనశాలలోని శాస్త్రజ్ఞులకు పనికివచ్చే ప్రోగ్రాము విద్య నేర్పడం మొదలుపెట్టినారు. వడ్రంగము వంటి చేతిపని అనే భావముతో దానికి ‘సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ’ అని పేరు. ఆ తరగతులలో నేర్పేవారు అందరి ఎదుట అక్షరమక్షరము వ్రాస్తూ ఉంటే, నేర్చేవారు తమ కంప్యూటరు మీద వెంటవెంటనే వ్రాస్తారు. ఒక్కొక్కరికి రెండు రంగుల చీటీలు ఇస్తారు. పని అయితే పచ్చచీటీ, చిక్కుపడితే ఎర్రచీటీ కంప్యూటరు వీపున అంటిస్తారు. చేయి ఎత్తనక్కరలేదు, నలుగురిలో నోరు విప్పనక్కరలేదు; ఎర్రచీటీ చూచి సహాయకులు తామే వచ్చి కూర్చుంటారు. ఖర్చు కొద్ది రూపాయలు. గురువుగారు తప్పు అక్షరము కొట్టి, ఎదుటనే దిద్దుకొనడం చూస్తే శిష్యులకు సగము భయము తీరిపోతుంది.

భాషను గురించి మన ప్రత్యేక పరిస్థితి కూడ ఆలోచింపదగినది. మన పిల్లలు ఇంట తెలుగు మాట్లాడుతారు. బడిలో కన్నడమో, అరవమో, మరాఠీయో, ఒడియాయో చదివినారు. కంప్యూటరు ముందు ఇంగ్లీషు. పాఠాలన్నీ ఇంగ్లీషు ఉపన్యాసాలైనచోట మాట తట్టక మౌనం వహించేవారు, బల్ల దగ్గర ప్రక్కవాడితో, “ఇదిగో, ఈ అంకె ఇక్కడికి రావడం లేదు చూడు” అని తమ భాషలో అడగగలరు. ఆజ్ఞలు ఇంగ్లీషులో ఉంటేనేమి, ఆలోచన వచ్చిన భాషలో సాగనిస్తే త్వరగా పండుతుంది. రెండు మూడు భాషల మధ్య తడుముకొనకుండా తిరుగాడడం తరతరాలుగా మనకు అబ్బిన విద్య. కోర్సులో దానిని లోపమని చూడక సాధనంగా వాడుకొనవలెను.

శుక్రవారము నాడు చేసినది ఎంతయినా సరే, గుమాస్తాగారికి చూపి ఆయన చేతనే నడిపించవలెను. “ఈ గడి ఎందుకు నాయనా, నాకు అడ్డం” అంటే తీసివేయవలెను. ప్రతి వారము ఒక చిన్న పని ముగిసి కనిపిస్తూ ఉంటే నేర్చేవారికి ఉత్సాహము, యజమానికి నమ్మకము. పన్నెండవ వారానికి ఆ దళసరి పుస్తకము పూర్తిగా పోకపోవచ్చును. అందులో బాకీల పట్టిక ఒకటి కంప్యూటరులోనికి వచ్చినా కోర్సు నెరవేరినట్లే.

ఇప్పుడు కంప్యూటరే ప్రోగ్రాము వ్రాసి పెడుతున్నది గదా, ఈ శ్రమ అంతా ఎందుకు అని యువకులు అడుగుతున్నారు. 2022 నుంచి అడిగినంతలో ప్రోగ్రాము వ్రాసి ఇచ్చే కృత్రిమ మేధ సాధనాలు అందరికీ అందుబాటులోనికి వచ్చిన మాట నిజమే. అది వ్రాసినది 4000 చెబుతున్నదా, 40000 చెబుతున్నదా, రద్దయిన ఆర్డరును బాకీలో కలుపుతున్నదా అని చూడగల కన్ను ఎవరిది? ఆ కన్ను చేతి అభ్యాసంవలననే వస్తుంది. మొదటి ఆరు వారాలు స్వంతంగా వ్రాయించి, తరువాత ఆ సాధనమును వాడనివ్వవచ్చును. ఒక్క నియమము: జంటలో ఏ ఒక్కరూ నోటితో వివరించలేని పంక్తి ప్రోగ్రాములో ఉండరాదు.

డబ్బు సంగతి

నేర్చే కాలంలో భృతి ఇవ్వవలెను. ఫీజు తీసుకొని, పైగా పని కూడ చేయించుకొనడం ధర్మము కాదు. యజమానులకు చట్టము కొంత సహాయము చేస్తున్నది. 1961 నాటి అప్రెంటిసుల చట్టములోనికి 1973లో ఇంజనీరింగు పట్టభద్రులను, డిప్లొమావారిని చేర్చినారు. 2014 సవరణతో ఇతర పట్టభద్రులకు కూడ ద్వారము తెరచినారు. జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకము క్రింద నమోదు చేసుకొంటే పట్టభద్రులకు, డిప్లొమావారికి ఇవ్వవలసిన కనీస భృతిలో సగము కేంద్ర ప్రభుత్వము భరిస్తుంది. కర్ణాటక, తమిళనాడు, యానాం వారికి చెన్నైలోని కార్యాలయము. మహారాష్ట్ర వారికి ముంబయి. ఒడిశా వారికి కలకత్తా. చిన్న సంస్థల యజమానులలో ఈ వెసులుబాటు ఎరిగినవారు తక్కువ. అందుకే ప్రత్యేకించి వ్రాస్తున్నాము.

“ఖర్చు పెట్టి నేర్పితే పెద్ద కంపెనీకి ఎగిరిపోతారు” అనే భయము ఒకటి ఉన్నది. కొందరు పోతారు, దాచనక్కరలేదు. అయితే కలిసి చేసిన పని ఒక్కరి తలలో దాగి ఉండదు. జంటలు మారుతూ చేసినందువలన ఒకరు పోయినా మరి ఇద్దరికి ఆ పని తెలిసి ఉంటుంది. ఒక్కడినే కూర్చోబెట్టి చేయించుకొన్నవారే, వాడు రాజీనామా ఇచ్చిన రోజున గుండెలు బాదుకొనవలసి వస్తుంది. నేర్పక ఉంచుకొన్న మనిషి ఎక్కడికీ పోడు, నిజమే. పోకుండా ఉండి ఏమి చేస్తాడన్నది యజమానులే ఆలోచించుకొందురుగాక.

తల్లిదండ్రులకు నాలుగు మాటలు

పిల్లలను ఏ కోర్సులోనైనా చేర్చే ముందు వెళ్లి నాలుగు సంగతులు అడగండి. రోజులో ఎంతసేపు తమ చేతితో చేస్తారు, ఎంతసేపు వింటారు? ఒక గురువుకు ఎందరు శిష్యులు? చేసిన పనిని వాడి చూచేవారు బయట ఎవరైనా ఉన్నారా? వెనుకటి జట్టు చేసినది చూపగలరా? అడిగితే తప్పేమీ లేదు. విసుగుకొనేచోటునుంచి లేచి రావచ్చును. ఉద్యోగము ఖాయమని చెప్పి ముందుగా డిపాజిట్టు అడిగేవారిని నమ్మకండి. అసలు సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా తాకట్టుగా ఉంచకండి, నకళ్లు చాలును. చెట్టు పేరు చెప్పి కాయలమ్మేవారు ఈ వ్యాపారంలోను ఉన్నారు.

చివరగా పెద్దలకొక మనవి. మన కుటుంబాలలో ముప్పది నలువది ఏండ్లు కంప్యూటరు పని చేసి విశ్రాంతి తీసుకొంటున్నవారు బెంగుళూరులోను చెన్నైలోను ఉన్నారు. ఒక్కొక్క చిన్న సంస్థకు వారము రెండు పూటలు వెళ్లి జంటల వెనుక నిలబడి చూచి, “ఇది ఇట్లా ఎందుకు చేసినావమ్మా?” అని అడిగితే చాలును. ఉపన్యాసము అవసరము లేదు. సొంత ఆఫీసు లేని పిల్లల కోసము మన సంఘ భవనాలలో ఖాళీగా ఉన్న గది ఒకటి, పాత కంప్యూటర్లు నాలుగు సంపాదించి, ముందుగా సంఘపు గ్రంథాలయములోని పుస్తకాల పట్టికనే పాఠముగా తీసుకొని ఆరంభించవచ్చును. ఏ పుస్తకము ఎవరింట చిక్కుకొన్నదో తెలియడం మన సంఘాలకు ఎంత అవసరమో పాఠకులు ఎరుగనిది కాదు.

ఈ వైశాఖము వెళ్లేలోగా ఏ ఒక్క అచ్చాఫీసులోనో, లారీ ఆఫీసులోనో, మిల్లులోనో నలుగురు పిల్లలు రెండు కంప్యూటర్ల ముందు జంటలుగా కూర్చుంటే మేము వ్రాసినది సార్థకము. కూర్చోబెట్టినవారు తమ అనుభవాలు మాకు వ్రాయండి. చిక్కులు వచ్చి ఉంటే అవి కూడ దాచక వ్రాయండి. ఇతరులకు అవే ఎక్కువగా ఉపయోగిస్తవి.